ఇంటిపేరులో ఊరు: ఉత్తరాంధ్ర ఇంటిపేర్లు, వాటిని మోసిన ప్రముఖులు
(కొత్తవలస స్మారకోపన్యాసం, అచ్చుప్రతి)

ఊరిపేరు ఇంటిపేరుగా మారడం ఆ ఊళ్లో జరగదు. ఊళ్లో ఉన్నవారంతా ఆ ఊరివారే గనుక అక్కడ ఆ పేరుకు ఒక ఇంటిని మరో ఇంటినుంచి వేరుచేసే శక్తి ఉండదు. ఆ ఊరు విడిచిన కుటుంబం మరోచోట కాపురం పెట్టాక, కొత్త ఇరుగుపొరుగువారు ఆ కుటుంబాన్ని పాత ఊరితో గుర్తుపెట్టుకున్నప్పుడే ఆ పేరుకు పని పడుతుంది. ఈ లెక్కన ఊరిపేరు మోసే ప్రతి ఇంటిపేరూ ఏదో ఒక తరంలో జరిగిన వలసకు మిగిలిన సాక్ష్యమే. విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ‘వలస’ అనే మాట ఊళ్ల పేర్ల చివర అడుగడుగునా కనబడుతుంది. ఊరు విడిచి పోవడానికీ, పోయి కట్టుకున్న కొత్త ఊరికీ ఇక్కడ ఒకే మాట చెల్లుతుంది. కొత్తవలస పేరే అందుకు సాక్షి. అందుచేత ఇంటిపేర్ల చర్చకు ఇంతకంటే తగిన వేదిక వెతకనక్కరలేదు.

ఇంటిపేరు మన ఒక్కరి సొత్తు కాదు గనుక ముందుగా పోలికకోసం తూర్పు, మధ్య ఐరోపాలలోని స్లావు జాతుల పేర్లను చూడవచ్చు. చెక్, పోలిష్, రష్యన్, సెర్బియన్, స్లొవీన్ మొదలైన భాషలు మాట్లాడేవారిని కలిపి స్లావులంటారు. చెక్ దేశంలోనూ స్లొవీనియాలోనూ అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ‘నోవాక్’. ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణి, కొత్తగా భూమి పట్టినవాణ్ణి పాతకాపులు పిలిచిన పిలుపు అది. వచ్చినవాడి మనుమలు ఆ ఊళ్లోనే పుట్టి ముసలివాళ్లైనా ‘కొత్తవాడు’ అనే పేరు మాత్రం ఇంటికి అంటుకుని ఉండిపోయింది. చెక్ సంగీతకర్త వీతెజ్‌స్లావ్ నోవాక్ (1870–1949), హిచ్‌కాక్ తీసిన ‘వెర్టిగో’ (1958) కథానాయిక కిమ్ నోవాక్ ఈ పేరుగలవారే. సెర్బియా టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్‌కు మాత్రం అది ఇంటిపేరు కాదు, పెట్టినపేరు. చెక్ ఆచారంలో తండ్రి నోవాక్ అయితే కూతురు ‘నోవాకోవా’ కావాలి. చెక్ సంతతివారికి అమెరికాలో పుట్టిన కిమ్‌కు ఆ స్త్రీప్రత్యయం అక్కరలేకపోయింది. చెక్ దేశంలోనే 2022 నుంచి ఆ ప్రత్యయాన్ని ఉంచుకోవడమా మానడమా అన్నది స్త్రీల ఇష్టానికి వదిలారు.

నోవాక్ అన్న పేరు మనిషి కొత్తగా వచ్చాడని చెబుతుందే తప్ప ఎక్కడినుంచి వచ్చాడో చెప్పదు. తెలుగు ఇంటిపేరు ఇందుకు సరిగ్గా ఎదురు: అది కొత్తదనాన్ని పట్టించుకోకుండా బయలుదేరిన చోటును పట్టుకుంటుంది. ఈ విషయంలో మనకు దగ్గరివి పోలిష్ వారి ‘స్కి’ అంతపు పేర్లు. ఫలానా ఊరికి చెందిన అని చెప్పే విశేషణ ప్రత్యయం అది, మొదట భూస్వాములు తమ ఎస్టేటు పేరుకు దాన్ని చేర్చుకున్నారు. తెలుగు ఆ పనిని కొత్త ప్రత్యయంతో గాక విభక్తితోనే సాధించింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలన్నాడు. అంటే షష్ఠి మొదలైన విభక్తులు చేరేటప్పుడు నామం చివర వచ్చే మార్పులని అర్థం. ఏరు ‘ఏటి’ అయినట్టే పూసపాడు ‘పూసపాటి’ అవుతుంది, సాలూరు ‘సాలూరి’ అవుతుంది. పూసపాటి అన్నప్పుడే ‘పూసపాడుకు చెందిన’ అనే అర్థం అందులో ఇమిడిపోయింది. ‘పూడి’, ‘పాక’ వంటి అంతాలుగల పేర్లు మారనక్కరలేదు గనుక కాకర్లపూడి, పులపాక అలాగే నిలిచిపోయాయి.

ఊరికి బదులు వృత్తిని పట్టుకున్న పేర్లు రెండుచోట్లా ఉన్నాయి. రష్యాలో కుజ్నెత్సోవ్, క్రొయేషియా, హంగరీ సరిహద్దులలో కొవాచ్ అంటే కమ్మరివారే. బరంపురంలో పుట్టి పర్లాకిమిడిలో చదువుకున్న తాపీ ధర్మారావు (1887–1973) ఇంటిపేరులో గోడకట్టే తాపీపని ఉంది. విజయవిలాసానికి ఆయన రాసిన హృదయోల్లాస వ్యాఖ్యకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి రాగా, ఆయన కొడుకు తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ (1955) చిత్రానికి దర్శకుడై అదే పేరును సినిమా తెరమీదికి ఎక్కించాడు. అయినా ఉత్తరాంధ్రలో పేరుపడ్డవారి జాబితాను చూస్తే వృత్తిపేర్లకంటే ఊరిపేర్లదే పైచేయి.

ఇక్కడ ఇంటిపేరు లేనిదే పని జరగకపోవడానికి స్థానికమైన కారణం ఒకటుంది. సింహాచలం అప్పన్న పేరుమీద అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనరసమ్మ, అప్పలకొండ. విజయనగరం పైడితల్లి పేరుమీద పైడిరాజు, పైడినాయుడు, పైడితల్లి. అరసవల్లి దేవుడి పేరుమీద సూర్యనారాయణ, సూరమ్మ. అసిరితల్లి పేరుమీద అసిరినాయుడు. ఇలా నలుగురైదుగురు దేవతలు ఊరూరా ఇంటింటా పేర్లు పంచుతుండగా, ఒకే వీధిలో అరడజనుమంది అప్పలనాయుళ్లు ఉండటం వింతేమీ కాదు. ఓటర్ల జాబితా చదివేవారికైనా, పింఛన్లు పంచేవారికైనా, శుభలేఖలు పంచిపెట్టేవారికైనా ఇంటిపేరు అడగందే ఆ వీధిలో అడుగు ముందుకు పడదు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు మొదటి ప్రశ్న ఇంటిపేరు గురించే కావడానికి కారణం వేరు: ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ముల వరుస గనుక వారిమధ్య పెళ్లి కుదరదు. పెట్టినపేరు దేవుడి లెక్కలోకి పోతే, మనిషి లెక్క ఇంటిపేరుతో తేలుతుంది.

ఈ ప్రాంతపు ఇంటిపేర్లలో ఎక్కువగా ఆగి చూడవలసినది గురజాడ. గురజాడ అనే ఊరు కృష్ణాజిల్లాలో ఉంది. అక్కడినుంచి విశాఖ మండలానికి తరలివచ్చిన కుటుంబంలో వెంకటరామదాసు, కౌసల్యమ్మ దంపతులకు 1862 సెప్టెంబరు 21న ఎస్. రాయవరంలో అప్పారావు పుట్టాడు. చదువు, ఉద్యోగం, రచన చాలావరకు విజయనగరంలో సాగాయి. కన్యాశుల్కం నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శన పొంది, 1897లో ఆనందగజపతి మహారాజుకు అంకితంగా అచ్చయి, పూర్తిగా తిరగరాసిన రూపంలో 1909లో మళ్లీ వెలువడింది. ‘ముత్యాలసరాలు’, ‘దిద్దుబాటు’ 1910నాటివి. 1915 నవంబరు 30న ఆయన కన్నుమూసేనాటికి వయసు 53 ఏళ్లు. ఈ వివరాలలో కృష్ణాతీరపు గురజాడ గ్రామానికి ఎక్కడా చోటు లేదు. నాటకంలో మాట్లాడే వీధులు, యాస, అగ్రహారాలు అన్నీ ఈ ప్రాంతానివే. అయినా ఆ గ్రామం పేరు ప్రపంచానికి తెలిసింది దాన్ని విడిచిపోయిన ఇంటి ద్వారానే.

అదే ఇంటిపేరుతో ఆయనకంటే ముందే పేరుపడినవాడు గురజాడ శ్రీరామమూర్తి (1851–1899). తెలుగు కవుల చరిత్రలను మొదటగా ఒకచోట కూర్చిన ‘కవిజీవితములు’ ఆయన రచన. వీరేశలింగం ‘ఆంధ్రకవుల చరిత్ర’కు ముందు దారివేసిన గ్రంథమది. ఆయన బతికి ఉన్నకాలంలో సాహిత్యం తెలిసినవారికి ‘గురజాడవారు’ అంటే ఏ గురజాడవారని అడగవలసిన అవసరం ఉండేది. ఈనాడు ఆ ప్రశ్న ఎవరికీ తోచదు. ఇంటిపేరు ఇల్లంతటికీ చెందినదైనా, ఒక మనిషి కీర్తి మితిమీరి పెరిగినప్పుడు అది ఇంటివారందరి చేతుల్లోంచి జారి ఆ ఒక్కడి సొంతపేరవుతుంది. మిగతావారు తమ పేరును తామే పూర్తిగా చెప్పుకుంటే తప్ప గుర్తింపు ఉండదు. శ్రీరామమూర్తికి జరిగినది అదే. ఆయన కృషికి ఇది న్యాయం కాదన్న మాట ఇక్కడ స్పష్టంగా చెప్పవలసి ఉంది.

ఈ మార్పుకు మరింత పెద్ద ఉదాహరణ ఘంటసాల. కృష్ణాజిల్లాలో ప్రాచీన బౌద్ధస్తూపమున్న ఊరి పేరది. ఆ ఇంటిపేరుగల వెంకటేశ్వరరావు (1922–1974) సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం వచ్చి, మహారాజావారి సంగీత కళాశాలలో చదివి, సాలూరు సంగీత సంప్రదాయానికి చెందిన పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర శిష్యుడయ్యాడు. ఆయన గొంతు రేడియోలోనూ సినిమాలోనూ ఇంటింటికీ చేరాక ఘంటసాల అనే శబ్దం వినగానే తెలుగువాడికి మొదట తోచేది ఊరూ కాదు, స్తూపమూ కాదు.

అదే సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన ఆయనను ‘అజ్జాడ ఆదిభట్ల’ అని రెండు పేర్లతో పిలిచేవారు. భట్టు అన్న పండిత బిరుదునుంచి వచ్చిన ఆదిభట్ల ఇంటిపేరు ఊరు చెప్పదు గనుక, ఊరిపేరును దాని ముందు మళ్లీ తగిలించవలసి వచ్చింది. ఇంటిపేరు చేయని పనిని జనం మరో పేరుతో చేయించుకున్నారు. తరువాత అధ్యక్షుడైన ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) విషయంలో ఆ అవసరం రాలేదు. ఆయన వయొలిన్‌తోబాటు శిష్యులు, బంధువులు, సంతానం కూడా అదే వాద్యాన్ని పట్టుకోవడంతో ‘ద్వారం’ అన్నది ఇంటిపేరుగా మొదలై వాయించే బాణీ పేరుగా స్థిరపడింది.

ఊరికి దూరంగా పోకుండానే ఊరిపేరును మోసిన ఇల్లు సాలూరివారిది. సాలూరు రాజేశ్వరరావు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టాడు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు. ‘విప్రనారాయణ’ (1954), ‘మిస్సమ్మ’ (1955) చిత్రాల సంగీతంతో ఆయన, అన్న హనుమంతరావు తెలుగు, కన్నడ చిత్రాలతో, తరువాతి తరంలో వాసూరావు, కోటి (సాలూరి కోటేశ్వరరావు) మరింత విరివిగా ఈ పేరును చిత్రరంగానికి తెచ్చారు. పుట్టిన ఊరికి పక్కనే ఉన్న సాలూరే ఇంటిపేరైనందువల్ల, ఊరిపేరు ఇంటిపేరు కావడానికి వందల మైళ్లు నడవనక్కరలేదనీ పొలిమేర దాటితే చాలుననీ అర్థమవుతుంది. ఒకే కుటుంబానికి ‘సాలూరు’ అనీ ‘సాలూరి’ అనీ రెండు రూపాలు చలామణిలో ఉండటం వ్యాకరణానికి పనికివచ్చే విషయం: మొదటిది ఊరి పేరు ఉన్నదున్నట్టుగా, రెండవది దాని ఔపవిభక్తిక రూపం. ఆరోజుల్లో సినిమా పేర్ల పట్టికలో మాత్రం రెండూ కనబడకుండా ‘ఎస్. రాజేశ్వరరావు’ అని ఒక్క అక్షరమే మిగిలేది.

ఈ పొడి అక్షరం సంగతి కొంత చెప్పుకోవాలి. ఇంగ్లీషు చదువుతో వచ్చిన ఈ పద్ధతిలో ఇంటిపేరు మొదటి అక్షరంగా కుంచించుకుపోతుంది. దానివల్ల పేరు పొట్టిదవుతుంది గానీ దానితోబాటు ఊరూ మాయమవుతుంది. ఉత్తరాంధ్ర రచయితలు దీనికి చక్కని విరుగుడు కనిపెట్టారు. ఇంటిపేరు మొదటి అక్షరాన్నీ సొంతపేరు మొదటి అక్షరాన్నీ తెలుగులోనే కలిపి చాగంటి సోమయాజులు చాసో అయ్యాడు, కాళీపట్నం రామారావు కారా అయ్యాడు. కారా మాస్టారు పుట్టినది శ్రీకాకుళం జిల్లా మురపాకలో; 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించినదీ ఆయనే. కాళీపట్నమనే ఊరు పశ్చిమగోదావరి తీరంలో మొగల్తూరు దగ్గర ఉంది. పేరు కలిసినంతమాత్రాన మూలం తేలినట్టు కాదు గనుక ఆ ఊరికీ ఈ ఇంటికీ ముడిపెట్టేముందు కుటుంబచరిత్ర కావాలి. ఈ జాగ్రత్త లేకపోవడమే ఇంటిపేర్లపై వస్తున్న రాతల్లో పెద్దలోపం.

శ్రీశ్రీ పేరు మరింత చిక్కైనది. 1910లో విశాఖపట్నంలో పూడిపెద్ది వెంకటరమణయ్య, అప్పలకొండ దంపతులకు పుట్టిన బిడ్డ శ్రీరంగం సూర్యనారాయణకు దత్తు వెళ్లి శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యాడు. ‘మహాప్రస్థానం’ కవి పేరులోని రెండు శ్రీలలో మొదటిది దత్తత ఇచ్చినది. దత్తత జరగకపోతే ఆ కలంపేరే ఉండేది కాదు. ‘రుధిరజ్యోతి’ రాసిన శ్రీరంగం నారాయణబాబుది అదే ఇంటిపేరు. సంభావ్యతా శాస్త్రానికి పునాదులు వేసిన రష్యన్ గణితవేత్త ఆంద్రేయ్ కొల్మొగొరోవ్ కూడా తండ్రి ఇంటిపేరు మోసినవాడు కాదు; పుట్టగానే తల్లి పోగా పిన్నమ్మల దగ్గర పెరిగి మాతామహుని ఇంటిపేరుతో ప్రసిద్ధుడయ్యాడు. రక్తం ఒక దారిన, పేరు ఒక దారిన పోవడం ఇంటిపేరు చరిత్రలో కొత్తేమీ కాదు.

కొల్మొగొరోవ్ పేరు రాగానే గుర్తుకు రావలసినవాడు గణాంకశాస్త్రవేత్త సి. ఆర్. రావు (1920–2023). ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన ఇంటిపేరు కల్యంపూడి. 1945లో ఆయన ప్రచురించిన వ్యాసంనుంచి వచ్చిన సిద్ధాంతాలను ప్రపంచం ‘క్రామేర్–రావు’, ‘రావు–బ్లాక్‌వెల్’ అని పిలుస్తుంది. క్రామేర్, బ్లాక్‌వెల్, కొల్మొగొరోవ్, స్మిర్నోవ్ అన్నవి ఇంటిపేర్లు. రావు అన్నది మాత్రం పేరు చివర గౌరవంగా చేర్చే మాట. ఇంటిపేరును చివర వెతికే పాశ్చాత్య పద్ధతి, మొదట ఉన్న తెలుగు ఇంటిపేరును ‘సి’ అనే అక్షరంగా వదిలేసి వేలమందికి ఉమ్మడిదైన రావును శాస్త్రంలో శాశ్వతం చేసింది. ఎల్లాప్రగడ సుబ్బారావు విషయంలోనూ అంతే: జీవరసాయన శాస్త్రంలో భాస్వరాన్ని కొలిచే ‘ఫిస్క్–సుబ్బారో’ పద్ధతిలో ఆయన ఇంటిపేరుకు చోటు దొరకలేదు. నేడు పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ముందు తడబడే ప్రతి తెలుగు విద్యార్థికీ ఇదే చిక్కు.

ఊరిపేరు ఇంటిపేరును ఏకంగా తోసిపుచ్చిన సందర్భమూ విజయనగరంలోనే ఉంది. విజయనగరాన్ని ఏలిన పూసపాటివారు కృష్ణాతీరపు పూసపాడునుంచి వచ్చారని వారి వంశచరిత్ర చెబుతుంది. విజయనగరం కోట 1713నాటిది. ఆ వంశంలోని విజయ ఆనంద గజపతిరాజు (1905–1965) 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు నాయకుడు. మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులు ఆడి 33 పరుగులు చేసిన ఆయన, స్కోరు పుస్తకంలో ‘విజయనగరం మహారాజకుమార్’, మైదానంలో ‘విజ్జీ’. అంటే పూసపాడును చెప్పే ఇంటిపేరు మరుగుపడి, పూర్వులు వచ్చి చేరిన ఊరు దాని స్థానంలోకి వచ్చింది. ఆటగాడిగా ఆయనను చరిత్ర దయగా చూడలేదు, చూడనక్కరా లేదు. కానీ పోలిష్ భూస్వాములకు ‘స్కి’ పేర్లు ఎలా ఏర్పడ్డాయో తెలుసుకోదలచినవారికి ఇంతకంటే దగ్గరి నమూనా దొరకదు.

స్త్రీల విషయానికి వస్తే చెక్ భాషలాగా తెలుగు ఇంటిపేరు లింగాన్నిబట్టి మారదు గానీ పెళ్లితో మారుతుంది. ఆ మార్పును కళారంగం చాలాసార్లు ఒప్పుకోలేదు. విజయనగరంలో 1935లో పుట్టిన పులపాక సుశీల పెళ్లి తరువాత కూడా పి. సుశీలగానే పాడింది, 17,695 పాటలతో 2016లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కినదీ పుట్టింటి అక్షరమే. చాసో కూతురు చాగంటి తులసి కథలు, ఒడియా అనువాదాలు ఆ ఇంటిపేరుతోనే వెలువడ్డాయి.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఇంటిపేరు ఉన్నవారి సంగతులు. సీతంపేట, భద్రగిరి కొండల్లోని సవరలకు ఈ పద్ధతే పరాయిది. గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో పనిచేస్తూ ఎవరి భాషకు నిఘంటువు, వ్యాకరణం రాశాడో ఆ సవరల సమాజాన్ని వివరిస్తూ వెరియర్ ఎల్విన్ 1955లో గ్రంథం ప్రచురించాడు. సవరలలో గోత్రాలు లేవు. ఒక పూర్వుని సంతతి అంతా ‘బిరింద’ అనే కుటుంబసమూహం, దానిలోపల పెళ్లిళ్లు ఉండవు, పెళ్లయినా స్త్రీ తన బిరిందను మార్చుకోదు. బడి రిజిస్టరుకు, రేషన్‌కార్డుకు ఇది సరిపోలేదు. ఇంటిపేరు గడిని ఖాళీగా వదలలేక రాసేవారు అక్కడ ‘సవర’ అని నింపారు. వేలమందికి తెగపేరే ఇంటిపేరైపోయింది. ఒడిశా వైపు ఊరిపెద్దను చెప్పే ‘గొమాంగ్’ అనే మాట ఇంటిపేరుగా కుదురుకుంది: 1936లో సవర భాషకు లిపి కూర్చిన మంగేయి గొమాంగో, 1999లో ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఆ పేరుగలవారు.

ఐరోపాలోనూ సామాన్యుడి ఇంటిపేరును స్థిరపరిచినది దస్తావేజే. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ 18వ శతాబ్ది చివర తన ప్రజలకు మారని ఇంటిపేరు ఉండాలని శాసించాడు; రష్యాలో 1861లో దాస్యవిముక్తులైన రైతుల్లో చాలామందికి ఆ తరువాతే కాగితంమీద ఇంటిపేరు వచ్చింది, కొందరికి పాత యజమాని పేరే వచ్చింది. పన్ను, సైన్యం, భూమి ఈ మూడింటి లెక్కకోసం ప్రభుత్వానికి ఇంటిపేరు కావాలి. కొండమీద సవరకు జరిగినదీ వోల్గా ఒడ్డున రైతుకు జరిగినదీ ఒకటే. ఆ పేరు వారు తమకు పెట్టుకున్నది కాదు గనుక దానిలో వారి ప్రయాణం వెతకడం వృథా.

మైదానప్రాంతపు ఇంటిపేర్లలో ఆ ప్రయాణం ఇంకా ఉంది, కానీ దాన్ని చదవగలిగినవారు తగ్గిపోతున్నారు. కొత్తవలస పక్కనే ఉన్న అలమండలో పుట్టిన కాకర్లపూడి నరసింహ యోగ పతంజలి (1952–2009) ‘వీరబొబ్బిలి’, ‘గోపాత్రుడు’ వంటి రచనలలో అలమండ రాజులను, వారి పరువుప్రతిష్ఠలను అంత దగ్గరగా చూపించినా, పాఠకులకు ఆయన పతంజలిగానే తెలుసు; ఇంటిపేరులోని ఊరు ఎక్కడిదో అడిగినవారు అరుదు. ఇక్కడి జంక్షనునుంచి కిరండూలు దాకా 1960లలో వేసిన రైలుమార్గం, ఇటు విశాఖ పరిశ్రమలు తెచ్చిన కొత్త వలసలో ఇంటిపేరు పొడి అక్షరంగా మారి తరువాతి తరానికి అందుతున్నది.

అందుచేత ఈ మండలంలోని ఉపాధ్యాయులకు, కళాశాల విద్యార్థులకు ఒక విజ్ఞప్తి. బడి రిజిస్టరులో ఇంటిపేరును పూర్తిగా, తెలుగులో, ఇంట్లో పలికే రూపంలో రాయించండి. ఒక్కొక్క విద్యార్థి తన ఇంటిపేరు, ఆ పేరుగల ఊరు, పూర్వులు ఏ కారణంచేత ఏ దారిన ఇక్కడికి వచ్చారో ఇంట్లో పెద్దవారిని అడిగి ఒక పుటలో రాసి బడికి ఇస్తే, అవన్నీ ఊరివారీగా కుట్టి గ్రంథాలయంలో ఉంచండి. చెప్పగలిగిన పెద్దవారు ఉండగానే ఈ ఏడాదే ఆ పని మొదలుపెట్టండి.